నిలబడితే గుండె పరుగు: పాట్స్ ఉన్నవాళ్లు ఊపిరి వ్యాయామం ఎట్టా చేయాలి?

ప్రశ్న: ట్రంకు రోడ్డు అమ్మాయి (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. నెల్లూరులో ఒక చీరల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. పొద్దున షట్టర్ తీసినప్పటి నుంచి రాత్రి దించేదాకా కాళ్ల మీదే. పోయిన వానాకాలంలో డెంగీ వచ్చింది. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, బాగైపోయానని షాపుకి వెళ్లాను. అప్పుడు మొదలైంది ఈ గోల. పడుకుంటే ఏమీ ఉండదు. నిలబడితే గుండె దడదడా కొట్టుకుంటుంది, కళ్లు మసకేస్తాయి, కాళ్లు వణుకుతాయి, తల తేలిపోతుంది. కస్టమర్ ముందు చీర పరుస్తూ పరుస్తూ కౌంటర్ పట్టుకుని ఆగిపోయిన రోజులున్నాయి.

ఇక్కడ ఆసుపత్రులుండే పోగతోటలో ఎక్కని మెట్లు లేవు. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు రక్తం తక్కువన్నారు, పరీక్ష చేస్తే బాగానే ఉంది. ఒకాయన మా అమ్మతో "పెళ్లి చేసెయ్యండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుని ఇప్పటికీ వదలడం లేదు. చివరికి ఒక గుండె డాక్టరు గారు నన్ను కాసేపు పడుకోబెట్టి నాడి చూశారు, తర్వాత పది నిమిషాలు గోడకి ఆనించి నిలబెట్టి నిమిష నిమిషానికీ నాడి, బీపీ రాసుకున్నారు. పడుకున్నప్పుడు 74, నిలబడ్డాక 121. బీపీ మాత్రం పడలేదు. పాట్స్ అన్నారు, అంటే పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్, నిలబడగానే గుండె వేగం విపరీతంగా పెరిగే జబ్బు. ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (రోజంతా తీసే ఈసీజీ), థైరాయిడ్ అన్నీ నార్మలే. నీళ్లు, ఉప్పు పెంచమన్నారు, బిగుతు సాక్సులు తొడగమన్నారు, ఒక మాత్ర రాశారు. లేచి వస్తుంటే "బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు కూడా చెయ్యమ్మా" అన్నారు. ఎట్టా చెయ్యాలో అడిగేలోపు తర్వాతి పేషెంట్ లోపలికొచ్చేశాడు.

యూట్యూబ్ చూస్తే ఒకరు నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఏడు బిగబట్టి, ఎనిమిది వదలమంటారు. ఇంకొకరు అన్నీ నాలుగే అంటారు. మా కాలనీ పార్కులో యోగా క్లాసుకి వెళ్తే కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ గబగబా గాలి వదలడం, చేయించారు. కాసేపటికే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోయి కూలబడ్డాను. "మొదట్లో అంతే, లోపలి మలినాలు పోతున్నాయి" అన్నారు. అప్పటి నుంచి గట్టిగా ఊపిరి తీసుకోవాలన్నా భయమే.

ఏది చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, షాపులో నిలబడి చేసుకునేది ఏమన్నా ఉందా? ఇంకో తంటా ఏమిటంటే మా అమ్మకి బీపీ, ఇంట్లో కూరలన్నీ చప్పిడి. నేను కంచంలో ఉప్పు చల్లుకుంటే ఆమె గుండె దడ చూడాలి.

---

జవాబు: సోషల్ మేష్టారు (కందుకూరు)

అమ్మా, నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. 2021లో కోవిడ్ వచ్చి వెళ్లాక నాకూ ఇదే అంటుకుంది. బోర్డు మీద పటం గీస్తుంటే చాక్‌పీసు చేతిలోనే ఉండేది, నేను మాత్రం కుర్చీలో. పిల్లలు నాకు బద్ధకమనుకున్నారు. స్టాఫ్ రూములో కొందరు ఇంకా అదే అనుకుంటున్నారు.

ముందు ఒక మాట. ఇది నీ ఊహ కాదు, పెళ్లితో పోయేదీ కాదు. 1871లో డాకోస్టా అనే అమెరికా వైద్యుడు అక్కడి అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో ఇలాంటి దడ, ఆయాసం, తలతిరుగుడు గురించి రాశాడు. ఇప్పుడు మనం వాడే పాట్స్ అనే పేరు 1993లో మేయో క్లినిక్ వైద్యుల వ్యాసంతో స్థిరపడింది. లేచి నిలబడిన పది నిమిషాల్లోపు నాడి 30కి పైగా పెరగాలి, బీపీ పడకూడదు, నెలల తరబడి ఇలాగే ఉండాలి. నీది 47 పెరిగింది. పది నిమిషాలు నిలబెట్టి చూసిన డాక్టరు దొరకడం నీ అదృష్టం. చాలామందికి కూర్చోబెట్టి ఈసీజీ తీసి, బాగుందని పంపేస్తారు. కూర్చుంటే దొరికే దొంగ కాదిది.

ఇక ఊపిరి సంగతి. పార్కులో నీకు జరిగింది మలినాలు పోవడం కాదు. మనిషి నిలబడగానే అర లీటరుకు పైనే రక్తం పొట్టలోకీ కాళ్లలోకీ జారుతుంది. మామూలు మనిషికి స్వయంచోదిత నాడీవ్యవస్థ వెంటనే రక్తనాళాలను బిగించి దాన్ని పైకి తోస్తుంది. మనకు ఆ బిగింపు సరిగ్గా పడదు. గుండె తన వేగంతో ఆ లోటు పూడ్చాలని చూస్తుంది, అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, దాంతోపాటు ఊపిరీ వేగమవుతుంది. మనకు తెలియకుండానే అవసరానికి మించి పీల్చి వదుల్తాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. అసలే పైకి రక్తం తక్కువ, పైగా దారి కూడా ఇరుకైంది. మసక, తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం అన్నీ అక్కడివే. కపాలభాతి, భస్త్రిక (కొలిమి తిత్తిలా వేగంగా పీల్చి వదలడం) చేసేది సరిగ్గా ఆ పనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. మనకు అవి వద్దు. ఏడు లెక్కపెట్టి బిగబట్టడం కూడా వద్దు.

పక్కనున్నవాళ్లు మనం తూలగానే "గట్టిగా గాలి పీల్చు, గట్టిగా పీల్చు" అంటారు చూడు, ప్రేమతోనే అంటారు గానీ అది కూడా చెరుపే చేస్తుంది. మనం నేర్చుకోవాల్సింది తక్కువ గాలి, నెమ్మదిగా, ముక్కుతో.

నేను చేసేది చెప్తా. పొద్దున లేవకముందే, చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద. పీల్చేటప్పుడు బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి కదలకూడదు. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. మధ్యలో ఆపడాలు లేవు. మొత్తం పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. ఈ ఆరుకు ఒక ప్రత్యేకత ఉంది. బీపీని కనిపెట్టి గుండెకు కబురు పంపే ఏర్పాటు మన మెడ ధమనుల్లో ఉంది. దాని ఊగుడు కూడా దాదాపు పది సెకన్లకు ఒకటి. ఊపిరి దానితో కలిసినప్పుడు ఆ ఏర్పాటు చురుగ్గా పనిచేస్తుంది. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది. మణికట్టు మీద వేలు పెట్టుకుంటే నీకే తెలుస్తుంది. వదలడం పొడుగైతే గుండెను నెమ్మది చేసే వేగస్ నాడి పట్టు పెరుగుతుంది. అందుకే ఆరు.

మొదట్లో ఇది రాదు. గాలి చాలనట్టు, ఎవరో దిండు అదిమినట్టు ఉంటుంది. నాకైతే కోపం కూడా వచ్చేది. అప్పుడు మూడు పీల్చి నాలుగు వదులు, చాలు. అంకెల కోసం ఊపిరి కాదు. తల తేలిపోతే నువ్వు ఎక్కువ పీలుస్తున్నట్టు లెక్క, ఇంకా చిన్నదిగా పీల్చు. అప్పటికీ సర్దుకోకపోతే ఆరోజుకి వదిలెయ్. పూటకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, పది దాకా పోవచ్చు. కొన్ని వారాలు పడుకునే చెయ్యి. అది చేతికొచ్చాక కూర్చుని, అదీ వచ్చాక గోడకి ఆనుకుని నిలబడి. అందరూ తప్పేది ఇక్కడే. దడ వచ్చాక, షాపు మధ్యలో, మొట్టమొదటిసారి ప్రయత్నిస్తారు, పని చెయ్యలేదంటారు.

మంచం దిగే పద్ధతి కూడా దీనికే కలుపుకో. తల దగ్గర రెండు పెద్ద గ్లాసుల నీళ్లు పెట్టుకుని, లేచి కూర్చోగానే గబగబా తాగెయ్. అర లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగితే కొద్ది నిమిషాల్లో నాళాలు బిగుసుకుంటాయి, గంట దాకా ఆ మేలు ఉంటుంది. గుక్క గుక్కగా తాగితే అంత పని జరగదు. తాగాక కాళ్లు వేలాడేసి పాదాలు పైకీ కిందికీ ఆడించు, నాలుగైదు పొడుగు ఊపిర్లు వదులు, తర్వాత లే.

షాపులో కదలకుండా నిలబడడమే విషం. కాళ్లు కత్తెరలా పెట్టి తొడలు బిగించు, మడమలు లేపి దించు. పిక్కలు పిండితేనే రక్తం పైకి వస్తుంది. కౌంటర్ వెనకాల ఎవరికీ కనపడదు. మాటల్లో కూడా ఊపిరి ఖర్చవుతుంది. "ఇది ఉప్పాడ, ఇది వెంకటగిరి, ఇది కంచి" అని ఏకబిగిన చెప్పి నోటితో ఒక్క గుటక గాలి మింగుతాం. ఒక్కో చీరకీ ఆగు, ముక్కుతో పీల్చు, తర్వాత ధర చెప్పు. ధర చెప్పేముందు ఆగితే బేరానికీ మంచిదే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఊపిరి వల్ల జబ్బు పోదు. నేను ఇప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నాలు సగం మనిషినే. వేడికి నాళాలు వదులైపోతాయి, రోహిణి కార్తెలో మనకు కష్టకాలం. కడుపునిండా అన్నం తిన్నాక కూడా రక్తమంతా పేగులకు పోతుంది, అందుకని కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను. ఊపిరి చేసేదల్లా దడను భయం దాకా పోనివ్వకపోవడం, తలతిరుగుడులో కొంత భాగాన్ని తీసేయడం. నాకు అది తక్కువేమీ కాదు.

చేతికి నాడి చూపించే వాచీ ఉంటే షాపులో తీసి బ్యాగులో పెట్టు. అంకె చూసి ఇంకో పది పెంచుకుంటాం.

---

జవాబు: హైవే బాబాయ్ (సింగరాయకొండ)

ఇవన్నీ టెన్షన్ జబ్బులమ్మా. మా కాలంలో ఇన్ని పేర్లు ఎక్కడివి? ప్రాణాయామం సర్వరోగ నివారిణి. మాత్ర మానేసి పొద్దున్నే గంటసేపు చెయ్యి, మండలం తిరిగేసరికి అదే పోతుంది. కపాలభాతి తేడా చేసిందంటే చేయించినవాళ్లకి రాదు, అంతే.

---

జవాబు: ఫిజియో అక్క (ఒంగోలు)

బాబాయ్, మాత్ర మానేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఈ జబ్బులో కొందరికి బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగం తగ్గించే మాత్రలు రాస్తారు, అవి ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం ఎదురు తిరుగుతుంది. డాక్టర్ని అడిగే తగ్గించాలి. టెన్షన్ దీన్ని పెంచుతుంది, నిజమే. కానీ టెన్షన్ ఉన్నవాళ్లకి పడుకున్నా దడ ఉంటుంది. ఈ అమ్మాయికి పడుకుంటే 74.

మేష్టారు చెప్పిన పద్ధతితో ఏకీభవిస్తాను. దానికి కొంచెం కలుపుతాను. బొడ్డు మీద చెయ్యి పెట్టినా కొందరికి కదలిక అందదు, ఛాతీతోనే లాగుతుంటారు. వాళ్లని నేను మకరాసనంలో, అంటే బోర్లా పడుకుని చేతుల మీద నుదురు ఆనించి ఊపిరి చూసుకోమంటాను. పొట్ట నేలను నొక్కడం దానంతటదే తెలుస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నేను చూడలేదు.

కానీ నన్నడిగితే ఊపిరికి ఇచ్చే శ్రద్ధలో సగమైనా కాళ్లకి ఇవ్వాలి. పాట్స్‌లో బాగా పనిచేసేది పడుకుని, కూర్చుని చేసే వ్యాయామం, నెలల తరబడి, మెల్లగా పెంచుకుంటూ. విదేశాల్లో వెనక్కి వాలి తొక్కే సైకిలు, పడవ తెడ్డు యంత్రం, ఈత చెప్తారు. మన దగ్గర అవన్నీ ఎక్కడ? వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, ఒక కాలు నిటారుగా లేపడం, పక్కకి తిరిగి కాలు ఎత్తడం, రబ్బరు బ్యాండు పాదానికి తగిలించి తొయ్యడం. ఇవి చాలు మొదలుపెట్టడానికి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టి ముక్కకూడదు. ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని చూసుకోమనేది కూడా ఇందుకే. బాత్‌రూములో పడిపోయామని వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంకో విషయం. దడ మెల్లగా ఎక్కి, కూర్చుంటే మెల్లగా దిగితే అది పాట్స్ తీరు. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై అలాగే టక్కున ఆగితే, అదీ పడుకున్నప్పుడు కూడా వస్తే, అది వేరే లయ దోషం కావచ్చు, ఈసీజీ మళ్లీ చూడాలి. ముందు సూచన లేకుండా పడిపోయినా, పని చేస్తుంటే ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఊపిరి వ్యాయామాలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

---

జవాబు: ఉప్పు మడుల అత్త (ఇసకపల్లి)

పాపా, మా ఇంట్లో ఇంటర్ చదివే పిల్లకి ఇదే. చెన్నై దాకా వెళ్లొచ్చాం. పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకి 30 కాదు, 40 పెరిగితేనే పాట్స్ అంటారంట, ఆ వయసులో మామూలుగానే కాస్త పెరుగుతుంది కాబట్టి.

మీ అమ్మతో గొడవ సంగతి నాకు బాగా తెలుసు. మా అత్తగారికి బీపీ, పిల్లకేమో ఉప్పు పెంచాలి, మేమేమో ఉప్పు పండించే ఊళ్లో ఉన్నాం. కూర అందరికీ చప్పిడిగానే వండు, నీ ఉప్పు నీ మజ్జిగలో కలుపుకో. అప్పుడు మీ అమ్మ కంచానికీ నీ కంచానికీ తగాదా ఉండదు. మా పిల్లకి రోజుకెంతో డాక్టరు గారు రాసిచ్చారు, దాన్ని పొద్దున్నే చిన్న డబ్బాలో పోసి పెడతా, రాత్రికి డబ్బా ఖాళీ కావాలి. నువ్వు కూడా లెక్క రాయించుకో, ఊరికే పెంచమన్నారని ఇష్టం వచ్చినట్టు పోసుకోవద్దు. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లయితే అసలు దీని జోలికి రాకూడదు. ఇంకోటి, చెంచాతో కొలిస్తే రాళ్లుప్పు తక్కువ తూగుతుంది, మధ్యలో సందులుంటాయి కదా. మెత్తటి ఉప్పుతో కొలవండి. మా మడిలో ఉప్పు మాకు గొప్పే గానీ దానిలో అయోడిన్ ఉండదు, అందుకని పిల్లకి ప్యాకెట్ ఉప్పే.

ఊపిరికి మా పిల్లకి అచ్చొచ్చింది భ్రామరి. పెదాలు మూసి తుమ్మెదలా మ్మ్మ్ అని వదలడం. లెక్కలు పెట్టమంటే దానికి విసుగు, ఇంకా ఆందోళన. మ్మ్మ్ అంటే వదలడం దానంతటదే పొడుగవుతుంది. చెవులు మూసుకోకపోయినా పర్లేదు. పరీక్ష హాల్లో వినపడకుండా చేస్తుంది. మా అత్తగారు దాని పక్కన కూర్చుని నామాలు చదువుతారు, ఇది మ్మ్మ్ అంటుంది, చూడ్డానికి భజన లాగే ఉంటుంది.

నెలసరి రోజుల్లో ఎక్కువవుతుంది, ఆ నాలుగు రోజులూ చేసిన వ్యాయామం వృథా అయిందని ఏడవొద్దు.

---

జవాబు: సోషల్ మేష్టారు (కందుకూరు)

అత్త గారూ, మీ అత్తగారి నామాల మాటకి ఆధారం ఉంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివినా, యోగ మంత్రం చదివినా ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి దిగిందని, గుండె లయ, బీపీ సర్దుకునే తీరు మెరుగైందని తేలింది. అది 23 మంది ఆరోగ్యవంతుల మీద చేసింది, పాట్స్ వాళ్ల మీద కాదు. కాబట్టి హైవే బాబాయ్ గారు దీన్ని పట్టుకుని మాత్ర మానేయమనకూడదని మనవి.

---

ప్రశ్న అడిగినవారు: ట్రంకు రోడ్డు అమ్మాయి

అందరికీ థ్యాంక్స్. మకరాసనంలో చేశా అక్కా, పొట్ట కదలడం మొదటిసారి తెలిసింది. నాలుగు, ఆరు ఇంకా అందడం లేదు, మూడు, నాలుగుతోనే ఉన్నా. మ్మ్మ్ బాగుంది అత్తా, ట్రయల్ రూములో చేసుకుంటున్నా. నీళ్లు గబగబా తాగడం మాత్రం వెంటనే తేడా తెలిసింది. కాకపోతే తర్వాత బాత్‌రూముకి పరుగు, దానికి ఫ్లోర్ మేనేజర్ మొహం మాడ్చుకుంటున్నాడు.

రెండు సందేహాలు. స్టూలు అడగాలంటే ఎట్టా అడగను? కూర్చుంటే కస్టమర్‌కి మర్యాద కాదంటారు. ఇంకోటి, సాక్సులు మెడికల్ షాపులో అడిగితే రకరకాలు చూపించారు, మోకాలి దాకా, తొడ దాకా, ఏది కొనాలో తెలీలేదు.

---

జవాబు: సోషల్ మేష్టారు (కందుకూరు)

స్టూలుకి డాక్టరు గారి చేత ఒక కాగితం రాయించుకో. "నిరంతరం నిలబడరాదు, కూర్చునే వీలు కల్పించాలి" అని రెండు లైన్లు, సంతకం, ముద్ర. నోటి మాటకీ కాగితానికీ మన దేశంలో ఎంత తేడా ఉందో నీకు చెప్పక్కర్లేదు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే సదుపాయం ఉండాలని చట్టాలే తెచ్చారు. కేరళలో బట్టల షాపుల అమ్మాయిలు పోరాడి తెచ్చుకున్నారు. మీ యజమానికి చెన్నైలో సరుకు కొనే అలవాటు ఉంటే అక్కడి షాపుల్లో స్టూళ్లు చూసే ఉంటాడు, ఆ మాట మెల్లగా కదిలించు. ముందు బిల్లింగ్ కౌంటర్‌కి మార్చమని అడుగు, అది కూర్చునే సీటు, ఇవ్వడం వాళ్లకీ తేలిక.

---

జవాబు: ఫిజియో అక్క (ఒంగోలు)

మోకాలి దాకా ఉండేవి పాట్స్‌కి అంతగా చాలవు, రక్తం ఎక్కువ నిలిచేది పొట్టలో, తొడల్లో. నడుము దాకా వచ్చేవి మేలు. దొరక్కపోతే తొడ దాకా ఉన్నవి తీసుకుని పైన పొట్టకి బైండర్ (వెడల్పాటి బిగుతు పట్టీ) కట్టుకో. పెట్టె మీద ఒత్తిడి అంకెలుంటాయి. 30 నుంచి 40 గట్టివి, డాక్టర్లు ఎక్కువగా చెప్పేవి అవే, కానీ మొదటిసారి తొడగడానికే ఆయాసం వస్తుంది. 20 నుంచి 30తో మొదలుపెట్టు. కొలత పొద్దున మంచం దిగకముందే తీసుకోవాలి, సాయంత్రానికి కాళ్లు ఉబ్బి సైజు తప్పుతుంది. పడుకునే తొడుక్కుని, రాత్రి పడుకునేముందు తీసెయ్. చీర కట్టుకుంటే బయటికి కనపడదు. ఎండాకాలం నెల్లూరులో అవి వేసుకుని ఆటోలో తిరగడం నరకమే, అందుకని షాపుకి చేరాక, ఏసీలో, ట్రయల్ రూములో కాళ్లు పైకి పెట్టి కాసేపు పడుకుని తొడుక్కుంటే సరిపోతుంది.